ఊరికొఱకు విజ్ఞాపన



ఆదివారపు ఆరాధనలో ప్రసంగము ముగిసిన పిమ్మట, కానుకలు పట్టుటకు ముందు, "ఇక మన ఊరికొఱకు ప్రార్థింతము" అని యొకరు లేచి పలుకుట మన సంఘములందు వాడుకయై యున్నది. తలలు వంగును, కన్నులు మూతపడును. లేచినవారు అయిదు నిమిషములలో అధికారులను, రోగులను, విద్యార్థులను, రైతులను, వానను, పంటను వరుసగా దేవుని యెదుట నిలిపి కూర్చుందురు. సంఘమంతయు ఆమేన్ అనును. ఆ ఊరు మరల మన తలపునకు వచ్చుట పై ఆదివారమే. ఈ అయిదు నిమిషముల పనిని శృంగవరపుకోటలో మేము పలుమారులు చేసితిమి. చాలకాలము దీనిని మిక్కిలి సులభమైన పనిగా నెంచితిమి. ప్రసంగము చేయవలసి వచ్చినచో ముందురాత్రి పుస్తకములు తిరుగవేయుదుము. ఈ ప్రార్థనకు మాత్రము ఏమియు చూచుకొనకయే లేచి నిలుచుచుంటిమి. ఊరు మన కన్నులయెదుటనే యున్నది గదా, చూచుకొనవలసిన దేమున్నదని మా భావము.

మా వృత్తి న్యాయవాదము. న్యాయస్థానమున నొకని తరపున నోరు విప్పవలెనన్న అతని చేవ్రాలు గల వకాల్తనామా దాఖలు చేయవలెను. అతని సంగతి అతని నోట వినవలెను, కాగితములు చదువవలెను, అతనికి గిట్టని మాట అతని పేర పలుకరాదు. విజ్ఞాపన మనగా ఇతరుల పక్షమున నిలిచి మాటలాడుట. మఱి శృంగవరపుకోట మనకు వకాల్తనామా ఎన్న డిచ్చినది? ఈ ప్రశ్న మాకై మాకు తోచినది కాదు. మాచే దీనిని అడిగించిన వారొకరు గలరు. వారి మాట చెప్పుటకు ముందు ఊరిమాట కొంత చెప్పవలసి యున్నది.

ఈ ఊరు తూర్పుకనుమల పాదమున, విశాఖపట్టణము నుండి అరకునకు పోవు దారిలో నున్నది. విహారార్థమై పోవువారు ఇచ్చట బండి నాపి కాఫీ త్రాగి పోవుదురు. వారికిది దారిలోని యొక మజిలీ. కొత్తవలస నుండి కిరండోలు పోవు రైలుమార్గము మీద ఇనుపరాతి బండ్లు రేయింబవళ్లు మా ప్రక్కగా దిగుచుండును. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని తాటిపూడి జలాశయమున నిలిచి, పిదప భీమునిపట్టణము వద్ద సముద్రమును చేరును. ఆ జలాశయపు నీటిని విశాఖపట్టణమువారు త్రాగుదురు. శివరాత్రికి పుణ్యగిరికి జనము తీర్థముగా పోవుదురు. కాలము వచ్చినపుడు సంతలో పనసపండ్ల వాసన నిండును. కొండమీది గూడెములనుండి గిరిజనులు అడ్డాకులు, చింతపండు మోసికొని దిగివత్తురు. ఇన్ని బ్రతుకుల నడుమ క్రైస్తవసంఘము మిక్కిలి చిన్నది. ఆదివారము మనము పాడు పాట ప్రక్కవీధికి వినబడును. ప్రక్కవీధి గుడిలోని గంట మనకు వినబడును. గోడకు గోడ తగిలియుండగా ఒకరి ప్రార్థన యొకరికి తెలియకుండుట కల్ల.

కొన్నేండ్ల క్రిందట నొక సాయంకాలపు కూడికలో ఊరికొఱకు ప్రార్థింపవలసినదిగా మమ్ము కోరిరి. మైకు పెట్టియుండిరి. మేము ఉత్సాహముతో లేచి, ఈ పట్టణము చీకటిలో నున్నదనియు, దీని ప్రజలు మార్గము తప్పినవారనియు, త్రాగుడును, జూదమును, విగ్రహములును దీనిని బంధించినవనియు, ప్రభువు వీరి కన్నులు తెఱువవలెననియు గట్టిగా వేడితిమి. పదిమంది కన్నీరు పెట్టిరి. మంచి ప్రార్థన చేసితిమని సంతోషించి యింటికి పోతిమి. మఱునాటి యుదయమున మా వీధిలోని వృద్ధు డొకడు, పాఠశాలలో ముప్పదియేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి గొన్నవాడు, పాలకు పోవుచు మా గుమ్మముకడ నిలిచెను. "ప్లీడరు బాబూ, రాత్రి మీరు మాకోసం చేసిన ప్రార్థన విన్నానండి. అది ప్రార్థనలాగ లేదు బాబూ, మామీద పెట్టిన ఫిర్యాదులాగ ఉంది" అనెను. కోపముతో అనలేదు, చిరునవ్వుతోనే యనెను. పాలచెంబు ఊపుకొనుచు వెడలిపోయెను. మాకు మాఱుమాట దొరకలేదు. ఇరువదియేండ్లు అర్జీకిని ఫిర్యాదుకును భేదము నెఱిగి బ్రతికినవారము. దేవుని యెదుట మాత్రము ఆ భేదమును మఱచితిమి.

ఆ దినమున మేము ఆదికాండమున అబ్రాహాము సొదొమకొఱకు చేసిన విన్నపమును మరల చదివితిమి. సొదొమ మంచి పట్టణము కాదు. దాని నేరములు చెప్పదలచిన యెడల అబ్రాహామునకు మాటలకు కొదువ లేదు. అతడు వాని నొక్కటియు చెప్పలేదు. అందులో ఏబదిమంది నీతిమంతు లుందురేమో యని మొదలుపెట్టి, నలుబదియైదు, నలుబది, ముప్పది, ఇరువది, తుదకు పది యని తగ్గించుచు వచ్చెను. సంతలో బేరమాడు వారికిని, ఫీజు తగ్గింపుమని మాతో వాదించు కక్షిదారులకును ఇది బాగుగా తెలిసిన పద్ధతియే. తాను ధూళివంటివాడనని యొప్పుకొనుచునే, మాటిమాటికి క్షమాపణ వేడుచునే బేరమును విడువలేదు. మఱియొక విశేషము వృత్తిరీత్యా మా కంట బడినది. అతని అన్నకొడుకు లోతు ఆ పట్టణముననే కాపురముండెను. అయినను ఈ విన్నపమంతటిలో లోతు పేరు లేదు. మావాని నొక్కని తప్పించి తక్కినవారిని నీ యిష్టము వచ్చినట్లు చేయుమని యతడు అడుగలేదు. పట్టణమంతయు నిలువవలెననియే యడిగెను. మనము మన పిల్లల పరీక్షలకొఱకు, మన యింటి రోగులకొఱకు చేయు ప్రార్థనలను ఈ విన్నపము ప్రక్కన పెట్టి చూచుకొన్నచో కొంచెము సిగ్గు కలుగకపోదు.

నెహెమ్యా దారి వేఱు. యెరూషలేము గోడలు కూలియున్నవని షూషను కోటలో విన్నప్పు డతడు ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించెను. ఆ ప్రార్థనలో వారు పాపము చేసిరని యనలేదు. మేము చేసితిమి, నేనును నా తండ్రి యింటివారును చేసితిమని తన్ను చేర్చుకొని పలికెను. పిదప నెలల తరబడి కాచుకొనియుండి, రాజునొద్ద సెలవును, కలపకొఱకు ఉత్తరమును సంపాదించి, యెరూషలేము చేరిన పిమ్మట ఎవరికిని చెప్పక రాత్రివేళ కూలిన గోడ వెంబడి తిరిగి ఎక్కడెక్కడ ఏ ద్వారము కాలినదో కన్నులార చూచెను. కాగితములు చదువుట యనగా నిదియే. చీకటిలో ఊరి గోడ చుట్టు తిరుగని మేము మైకులో ఊరి చీకటినిగూర్చి మాటలాడితిమి!

ఇక యిర్మీయా బబులోనులోని చెఱవారికి వ్రాసిన ఉత్తరము. తమ దేవాలయమును దోచిన రాజు పట్టణముననే ఇండ్లు కట్టుకొనుడు, తోటలు వేసికొనుడు, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడు, ఆ పట్టణపు క్షేమము కొఱకు ప్రార్థన చేయుడని దాని సారము. ఆ పట్టణము తమ మతమున కలియునట్లు ప్రార్థింపుడని అందులో లేదు. పట్టణము క్షేమముగా నున్న యెడల వారును క్షేమముగా నుందురనుటయే కారణము. శత్రువుల పట్టణము విషయమే యిట్లుండగా, మనతాతలు పుట్టిపెరిగిన ఊరు మాట చెప్పవలెనా!

తెలుగుదేశమున నిట్టి ప్రార్థన లనేకములు జరిగియుండును. వానిలో క్రైస్తవులు తఱచు చెప్పుకొనునది ఒంగోలు కొండమీద 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీని తెల్లవారుజామున జరిగినది. అమెరికను బాప్టిస్టు మిషనువారి నెల్లూరి కేంద్రమును, ఫలము లేదను కారణమున, మూసివేయవలెనా యని ఆ దేశమున చర్చలు జరుగుచున్న కాలమది. లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు అను మువ్వురు తెలుగు క్రైస్తవులు, అంతకు మించి ఎవరును లేరు; అయిదుగురు ఆ కొండయెక్కి, కనుచూపుమేరలోని గ్రామములను చూచుచు, ఒకరి తరువాత నొకరు ప్రార్థించిరి. ఒంగోలునకు ఒక బోధకుని పంపుమనునది వారి వేడుకోలు. పండ్రెండేండ్లు గడచిన పిమ్మట 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరెను.

ఈ కథను చెప్పువారు ఇచ్చటినుండి ఒక్క దుముకు దుమికి 1878వ సంవత్సరము జూలై 3వ తేదీకి పోవుదురు. ఆ నాడు వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సంఖ్య చెవికింపుగా నున్నది. బల్లలు చఱచుటకు తగినది. మాకు మాత్రము ఆ రెండు తేదీల నడుమ జరిగిన సంగతులే యెక్కువ విలువగలవిగా తోచుచున్నవి. మొట్టమొదట క్లౌ దొర యొద్దకు వచ్చుచుండిన అగ్రజాతులవారు, మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని చెప్పిరి. ఊరిలోని పెద్దల మన్నన యొకవైపు, ఊరివెలుపలివారి మొఱ యొకవైపు. ఆయనయు ఆయన భార్యయు వేఱువేఱు గదులలో కూర్చుండి వేదము తెఱచి చూడగా ఇద్దరికిని పౌలు కొరింథీయులకు వ్రాసిన పత్రికలోని యొకే భాగము, లోకము నీచముగా నెంచినవారిని దేవుడు ఏర్పరచుకొనెనను తాత్పర్యము గలది, కనబడెనని క్లౌ దొరయే చెప్పుకొనెను. మాదిగలు లోపలికి వచ్చిరి, పెద్దలు వెడలిపోయిరి. కొండమీద ప్రార్థించిన ఆ యయిదుగురు ఒంగోలు నడిగిరి. వారి కబ్బినది ఒంగోలు ఊరివెలుపలి వాడ.

పిదప 1876 నుండి 1878 వఱకు దక్షిణదేశమును కాల్చిన మహాక్షామము. బకింగ్‌హాము కాలువ త్రవ్వకమును దొరతనమువారు కఱవుపనిగా చేపట్టిరి. పూర్వము అమెరికాలో భూమికొలత పని నేర్చియుండిన క్లౌ దొర మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందిని పిలిచి, చేసిన పనికి సరియైన కూలి యిచ్చెను. ఆ కూలిజనములో అనేకులు మాకు బాప్తిస్మ మిండని యడిగిరి. ఆయన క్షామము తీఱువఱకు ఒక్కరికిని ఇయ్యలేదు. భారతదేశపు ఒడంబడికల చట్టము 1872లో పుట్టినది. ఒత్తిడిచేతగాని, ఒకని యవసరమును మఱియొకడు వాడుకొనుటచేతగాని పుట్టిన సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదనుట దానిలోని మూలసూత్రములలో నొకటి. ఆకలిగొన్నవాని సమ్మతిని సమ్మతిగా నెంచరాదని ఆయన చట్టము చదువకయే యెఱిగెను. గుండ్లకమ్మ యొడ్డున దిగిన 2,222 మందిని లెక్కించుటకు ముందు, కాలువగట్టున ఆయన కాదని పంపివేసినవారిని లెక్కించు ప్రసంగికుడు మాకింకను కనబడలేదు.

మన ప్రాంతపు సంగతికి వత్తము. విశాఖపట్టణమునకు 1805లో లండను మిషను పక్షమున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇద్దరు వచ్చిరి. వారు మొదట చేసినపని తెలుగు నేర్చుట. ఆనందరాయరు అను బ్రాహ్మణుని తోడ్పాటుతో సువార్తలను తెనిగింప మొదలిడిరి. ఆ యిద్దరును అయిదారేండ్లలోపలనే యిచ్చటి మట్టిలో కలిసిపోయిరి. వారి తరువాత వచ్చిన ప్రిచ్చెట్ దొర ముగించిన తెలుగు క్రొత్తనిబంధన 1818లో చెన్నపట్టణమున అచ్చుపడినది. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించిన పురుషోత్తమ చౌధరి వ్రాసిన కీర్తనలను ఇప్పటికిని పాడుచున్నాము. ఊరికొఱకు ప్రార్థింపవలెనన్న మొదట ఊరిమాట నేర్వవలెనని ఆ ముందటివారు నేర్పిరి. మనమో, ఊరివారెవరును పలుకని తెలుగును, కూడికలకు మాత్రమే చెల్లు పదములను పోగుచేసికొని, ఊరి పేర దేవునితో మాటలాడుచున్నాము. మా లెక్కల పంతులుగారు మైకులో విన్నది వారి వీధి భాషయే యైయుండినచో అంతగా నొచ్చుకొనకుందురేమో.

ఆ పాలచెంబు మాట తరువాత మేము సంఘమున విజ్ఞాపన చేయు తీరు మెల్లమెల్లగా మార్చుకొంటిమి. మొదటిది, మైకు తీసివేసితిమి. కొందఱు పెద్దలకు నచ్చలేదు. శనివారమున ఇద్దరు ముగ్గురము ఊరిలో నొక వీధి తిరిగి వచ్చుట యలవాటు చేసికొంటిమి. బోధించుటకు కాదు, కరపత్రములు పంచుటకును కాదు, చూచుటకు, పలుకరించుటకు. ఆ వీధిలో దీపము వెలుగుటలేదు, ఆ మురుగు నిలిచిపోయినది, ఆ యింటి కుఱ్ఱవాడు విశాఖపట్టణమున పనికి పోయి ఉత్తరము లేదు, ఇట్టి సంగతులు మా పుస్తకమున కెక్కెను. ఆదివారమునాడు లేచినవారు వానినే చెప్పవలెను. అయితే ఒకరి యింటి రహస్యమును ప్రార్థనమిషతో నలుగురిలో చాటుట మహాపాపమని మేము గట్టిగా కట్టడి చేసితిమి. ప్రార్థనరూపమున సాగు చాడీలను మా వృత్తిలో కంటె సంఘములోనే మేము ఎక్కువగా వింటిమి.

సంఘమువారికి ఊరు దేవుని యెదుట నిజముగా నిలిచినది రెండు ఆదివారములందు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ ఆదివారము. ఆ నాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము తాకినది. చెట్లు కూలినవి, కరెంటు పోయినది. ఆ తరువాత ప్రార్థనకు లేచినవారికి మాటలు వెదకుకొనవలసిన పని లేకపోయినది. గుడికి పోవువారి తోటయు మనవారి తోటయు ఒక్కగాలికే పడిపోయినవి. మఱియొకటి 2023వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీ, అదియు ఆదివారమే. మన పొరుగుననున్న కంటకాపల్లి వద్ద రాత్రి మొదటిజామున రెండు పాసింజరు బండ్లు ఢీకొని, పదిమందికి మించి ప్రాణములు పోయినవి. ఆ యుదయమే మనము ప్రయాణములు చేయువారిని కాపాడుమని వాడుకచొప్పున ప్రార్థించి యుంటిమి.

విద్యావంతులగు మిత్రులు ఇచ్చటనే మమ్ము పట్టుకొందురు. ప్రార్థింపగా బండ్లు ఢీకొనుట మానెనా, తుపాను దారి మార్చుకొనెనా యని యడుగుదురు. ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము మాయొద్ద సిద్ధముగా లేదు. ఉన్నట్లు నటించుటకు ఇష్టము లేదు. ఇంతమాత్రము చూచితిమి: ఉదయము ఆ మాటను వాడుకగా పలికినవారిలో కొందఱు ఆ రాత్రి నిద్రింపలేక, తెల్లవారగనే రక్తమిచ్చుటకు పోయిరి. తాము పలికిన మాట తమను వెంబడించినదని వారిలో నొకడు మాతో ననెను.

కొండమీది గూడెముల సంగతి యింతకంటె చేదైనది. దారిలేని ఆ గూడెములనుండి నొప్పులు పడు స్త్రీలను, జబ్బుచేసినవారిని కఱ్ఱకు దుప్పటికట్టి డోలీలో మోసికొని దింపుట మన మండలమున వింత కాదు. వార్తాపత్రికలయందు మాటిమాటికి వచ్చిన సంగతి. రోగులను స్వస్థపఱచుమని ఏండ్ల తరబడి మనము ప్రార్థించితిమి. కొండదిగువన డోలీ నొక్కనాడైనను భుజమున పట్టినవారు మనలో నెందఱు? ఆ సంగతిని ప్రార్థనలో పేరుపెట్టి చెప్పుట మొదలైన పిమ్మట మేము ఊరకుండలేకపోతిమి. రోడ్డుకొఱకు అర్జీ వ్రాసితిమి. అర్జీలు వ్రాయుట మాకు చేతనైన విద్య. దానిమీద గూడెపు పెద్దల చేవ్రాళ్లు ముందును, సంఘపువారివి వెనుకను ఉంచితిమి. అధికారుల కొఱకు ప్రార్థింపుడని పౌలు తిమోతికి వ్రాసినది రోమా ప్రభువులు క్రైస్తవులకు మిత్రులు గాని కాలమున. కనుక ఆ ప్రార్థన ముఖస్తుతి కానక్కఱలేదు. తాసిల్దారుగారి కొఱకు ప్రార్థించి, సోమవారము వారి కచేరీకి పోయి ఫలానా ఫైలు ఎంతవఱకు వచ్చినదని యడుగుట రెండును ఒకే పనిలోని రెండు భాగములని మేము నమ్ముచున్నాము.

సంఘములోని వారిది మఱియొక ఆక్షేపణ. ఊరివారు క్రీస్తు నెఱుగవలెనని ప్రార్థింపక, కుళాయిలు, దీపములు, రోడ్లు అని ప్రార్థించుట లోకసంబంధమైనది కాదా యందురు. తనకు మేలైనదని నమ్మిన దానిని పొరుగువానికి కోరుట నేరము కాదు. జూయెట్ దొర కోరెను, దాచలేదు. మేమును దాచము. అయితే ఆ కోరికను షరతుగా పెట్టిన ప్రార్థన ప్రార్థన కాదు. నీవు మావాడవైనచో నీ బిడ్డ బ్రతుకునట్లు వేడుదునను మాట, కఱవుకాలమున బాప్తిస్మము పంచుట వంటిదే. మనము చేయు విజ్ఞాపన యందు మా పంతులుగారు వచ్చి వెనుకబల్ల మీద కూర్చుండినయెడల సిగ్గుపడక తలవంపగలుగునా? లేచునపుడెల్ల మేము ఈ ప్రశ్న వేసికొనుచున్నాము. ప్రతిసారియు అవునను జవాబు వచ్చుచున్నదని చెప్పలేము.

పంతులుగారు మా కూడికకు ఎన్నడును రాలేదు; రమ్మని మేము పిలువలేదు. శివరాత్రికి వారు పుణ్యగిరికి పోవుదురు, తిరిగివచ్చునపుడు మాకు ప్రసాదపు కొబ్బరిముక్క పంపుదురు. గడచిన శనివారము మేమిద్దరము పుస్తకము పట్టుకొని వారి వీధిని పోవుచుండగా అరుగుమీదినుండి పిలిచిరి. "ప్లీడరు బాబూ, రేపు ప్రార్థన ఉంది కదండి? మా వీధి కుళాయికి నీళ్లు రాక పదిరోజులైంది, అదొకటి రాసుకోండి. మనవరాలికి పరీక్షలు, అదీ రాసుకోండి" అనిరి. కుళాయి సంగతి దేవునికి చెప్పుటతో ఊరకుండక పంచాయితీ కార్యాలయమునకును చెప్పుదుమని మేమంటిమి. "రెండుచోట్లా చెప్పండి, ఎక్కడ ముందు పనవుతుందో చూద్దాం" అని నవ్విరి. మనవరాలి పేరు అడిగి వ్రాసికొంటిమి.